చిత్తూరు పాతసామాన్ల కొట్లో జిమ్మీ రోజర్స్ ప్లేట్లు దొరికాయి. పాత అమెరికన్ బ్లూస్, కంట్రీ 78లు మన ఊళ్లో కూర్చుని సేకరించడం అయ్యే పనేనా?

కొర్లగుంట_కుర్రోడు (తిరుపతి)

అన్నలూ అక్కలూ, ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

నాకు అమెరికా పాత పాటలంటే పిచ్చి. పాత అంటే ఎల్విస్ కాలం కూడా కాదు, అంతకు ముందు, 1920లు, 30లు. మిసిసిపీ వైపు ఒక్కడే గిటారు పెట్టుకుని పాడిన బ్లూస్, అపలాచియన్ కొండల్లోవాళ్ల ఫిడేలు, బాంజో, ఆ చర్చి పాటలు. అంతా యూట్యూబ్ పుణ్యమే. చార్లీ ప్యాటన్ పాట పెడితే మా అమ్మ వచ్చి తలుపేసి పోతుంది, అది వేరే సంగతి.

మొన్న పనిమీద చిత్తూరు పోయినప్పుడు ఒక పాతసామాన్ల కొట్లో 78 ప్లేట్ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు) కట్ట కనిపించింది. కొబ్బరితాడుతో కట్టి, దానిమీద తుప్పుపట్టిన తూకంరాళ్లు పెట్టి ఉంచాడు మహానుభావుడు. ఎక్కువ భాగం నాటక పద్యాలు, కొన్ని అరవ సినిమా పాటలు, కానీ మధ్యలో మూడు ఇంగ్లీషువి ఉన్నాయి. రెండింటి మీద ట్విన్ అనే లేబుల్, నంబరు ముందు ఎఫ్‌టీ అని ఉంది. ఒకటి జిమ్మీ రోజర్స్, ఇంకొకటి కార్టర్ ఫ్యామిలీ, ఇద్దరూ అమెరికా కంట్రీ పాటలకి తొలితరం పెద్దలు. నిజం చెప్తున్నా, చేతులు వణికాయి. మూడోది విక్టర్ లేబుల్, కుక్క బొమ్మది, హోమర్ రోడ్‌హీవర్ అనే ఆయన పాడిన భక్తిపాట. మొహం మామూలుగా పెట్టుకుని బేరమాడి కట్ట మొత్తం తెచ్చేసుకున్నా.

ఇప్పుడు నా డౌట్లు. ఈ ట్విన్‌వి ఒరిజినల్ కిందకి వస్తాయా, లేక తర్వాత ఎవరో కాపీ కొట్టినవా? వీటికి రేటు ఏమైనా ఉంటుందా (అమ్మను, ఊరికే తెలుసుకోడానికి)? నా దగ్గర మూడు స్పీడుల సూట్‌కేస్ ప్లేయర్ ఉంది, దానిమీద పెట్టొచ్చా? అసలు ప్రశ్న ఇది: ప్యాటన్, బ్లైండ్ లెమన్ జెఫర్సన్, స్కిప్ జేమ్స్ లాంటి బ్లూస్ గాయకుల అసలు 78లు ఇక్కణ్ణుంచి సేకరించడం నెలజీతం వాడికి సాధ్యమేనా? ఈబేలో బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్‌ది వొకాలియన్ లేబుల్ ప్లేటు ఒకటి 40 డాలర్లకి కనిపించింది, కార్టులో పెట్టి ఉంచాను, నొక్కమంటారా?


ముల్లు_మార్చు

నొక్కొద్దు. దాని సంగతి ఇంకెవరైనా చెప్తారు, నేను ప్లేయర్ గురించి చెప్తా.

ఆ సూట్‌కేస్ డబ్బా మీద ఆ మూడింటినీ పెట్టొద్దు సామీ. దానికి 78 స్పీడు ఉంటుంది, నిజమే, కానీ ముల్లు ఎల్‌పీది (తర్వాత వచ్చిన సన్నగాడి వినైల్ ప్లేటుది). 78 గాడి ఎల్‌పీ గాడికంటే దాదాపు మూడింతలు వెడల్పు. సన్నముల్లు గాడి అడుగున పడి అక్కడున్న మట్టిలో దొర్లుతుంది, నీకు గరగర తప్ప ఏమీ వినపడదు, పైగా ప్లేటూ పాడు. 78కి 3 మిల్ (అంగుళంలో వెయ్యోవంతు ఒక మిల్) ముల్లు కావాలి. ఆడియో టెక్నికాలో వీఎం95ఎస్‌పీ అని 78ల కోసమే చేసిన కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) ఉంది, ప్లేటు మీద దాదాపు 5 గ్రాముల బరువు పెడుతుంది. 78 స్పీడుండి కార్ట్రిడ్జ్ మార్చుకునే వీలున్న టర్న్‌టేబుల్ ఏదైనా సెకండ్‌హ్యాండ్‌లో చూసుకో. ఇంకోటి, ఇప్పటి ఆంప్లిఫయర్లలో ఉండే ఈక్వలైజేషన్ 1954 తర్వాతి రికార్డుల లెక్క, 1927 ప్లేటుకి అది సరిపోదు. బాస్, ట్రెబుల్ చెవితోనే సర్దుకోవాలి.

కడగడం. ఎల్‌పీ వాళ్ల వీడియోలు చూసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసేవు సుమా! 78 అంటే లక్క. మన వడ్రంగులు లక్కని స్పిరిట్‌లో కరగబెట్టే కదా పాలిష్ చేస్తారు. ఒక్కసారి రుద్దావంటే గాడి మీద పాట మొత్తం గుడ్డకి అంటుకుని వస్తుంది. డిస్టిల్డ్ వాటర్, దాంట్లో గిన్నెల లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు, మెత్తటి బ్రష్, గాడి వెంబడే తిప్పుతూ రుద్దడం, లేబుల్ తడవకుండా. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ఆరబెట్టేది నీడలో, ఫ్యాను కింద. మన తిరుపతి ఎండలో డాబా మీద పెడితే అప్పడం అయిపోతుంది.

దాచేటప్పుడు నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకూడదు. ఆ తూకంరాళ్ల కింద ఇన్నాళ్లూ పగలకుండా ఉన్నాయంటే వాటి ఆయుష్షు గట్టిది.


రేణిగుంట_జంక్షన్

అబ్బా, ట్విన్ ఎఫ్‌టీ రోజర్స్! తమ్ముడూ, నువ్వేం పట్టుకున్నావో నీకు తెలిసినట్టు లేదు.

ట్విన్ అనేది గ్రామఫోన్ కంపెనీ వాళ్లదే, హెచ్‌ఎంవీ కొనలేని వాళ్లకోసం పెట్టిన చవక లేబుల్. అచ్చు కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో. మన పద్యాలు, హరికథలు అచ్చైన ఆ మెషీన్ల మీదే మిసిసిపీ జిమ్మీ రోజర్స్ కూడా అచ్చయ్యాడు. విక్టర్‌కీ ఇంగ్లండ్ గ్రామఫోన్ కంపెనీకీ ఒప్పందాలుండేవి కాబట్టి అమెరికా రికార్డింగులు ఇటు వచ్చేవి. కాబట్టి నీది కాపీ కాదు, ఆ కాలంలోనే కంపెనీ తరఫున మన దేశంలో అచ్చైన అసలు ప్లేటు. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నటి జాగా ఉంటుంది చూడు, అక్కడ గీకిన నంబరు రాసుకుని శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ డిస్కోగ్రఫీలో (రికార్డుల వివరాల జాబితా) వెతుకు. ఏ ఊళ్లో ఏ తేదీన పాడాడో, పక్కన గిటారు ఎవరో అన్నీ వస్తాయి, దానికి పైసా ఖర్చు లేదు.

అమెరికాలో రోజర్స్ మామూలు విక్టర్ ప్లేట్లు లక్షల్లో అమ్ముడుపోయాయి, అక్కడ అవి కొల్లలుగా ఉన్నాయి. కానీ డమ్‌డమ్ అచ్చు తక్కువ, మన ఎండకీ చెదలకీ మిగిలింది ఇంకా తక్కువ. అందుకే అక్కడి కలెక్టర్లే మన దేశపు అచ్చుల కోసం వెతుకుతారు.

ఇవి ఇక్కడెందుకు దొరుకుతాయో నా లెక్క ఒకటుంది. రోజర్స్ రైల్లో బ్రేక్స్‌మన్‌గా పనిచేసినవాడు, ఆయన పాటల్లో సగం రైళ్లే. 1927 ఆగస్టు 4న బ్రిస్టల్‌లో మొదటి రికార్డింగ్. ఆ ఊరి పెద్దవీధి మధ్యలోంచి టెనెసీ, వర్జీనియా సరిహద్దు పోతుంది, కార్టర్ ఫ్యామిలీ కూడా అదే ఊళ్లో అంతకు మూడు రోజుల ముందే పాడారు, ఇద్దర్నీ పట్టుకున్నది విక్టర్ తరఫున వచ్చిన రాల్ఫ్ పీర్. ఇంక మన వైపు చూడు. గుంతకల్లు, రేణిగుంట, గూడూరు, అరక్కోణం, జోలార్‌పేట, ఇవన్నీ రైల్వే ఊళ్లు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఉన్న కాలనీలు. అవతల కుప్పం దాటితే కోలారు బంగారు గనులు. ఆ ఇళ్లల్లో గ్రామఫోన్ ఉండేది, ఇంగ్లీషు ప్లేట్లు ఉండేవి. ఆస్ట్రేలియా నుంచి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన రీగల్ జోనోఫోన్ లేబుల్ అచ్చులు కూడా ఈ వైపు తగులుతాయి. ఆ కుటుంబాలు చాలావరకు ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ వెళ్లిపోయాయి, బరువైన ప్లేట్లని ఎవరు మోసుకుపోతారు, ఇక్కడే వదిలేశారు.

మద్రాసులో మూర్ మార్కెట్ 1985లో కాలిపోకముందు ఇలాంటివి కుప్పలుగా ఉండేవని మా నాన్న ఇప్పటికీ బాధపడతాడు. ఇప్పుడు సెంట్రల్ పక్కన కాంప్లెక్స్‌లో కొన్ని షాపులున్నాయి, కానీ వాళ్లందరికీ ఫోన్లో రేట్లు చూడ్డం వచ్చేసింది. నీ చిత్తూరు కొట్టువాడికి ఇంకా రాలేదు, వాణ్ణి కాపాడుకో.

అన్నట్టు రోజర్స్ ప్లేట్లు కెన్యా దాకా పోయాయి. అక్కడ కిప్సిగిస్ తెగ ఆడపిల్లలు ఆయన పేరుని చెమిరోచా చేసి, సగం మనిషి సగం జింకగా ఊహించుకుని పాట కట్టారు, 1950లో హ్యూ ట్రేసీ అనే ఆయన దాన్ని రికార్డ్ చేశాడు. వెతికి విను, మజాగా ఉంటుంది.


మదనపల్లె_టమోటా

రేణిగుంట తమ్ముడి రైలు లెక్క బాగుంది కానీ ఆ మూడో ప్లేటు రైల్లో వచ్చుండదు. దాన్నెవరూ పట్టించుకోలేదేంటి?

రోడ్‌హీవర్ అంటే బిల్లీ సండే అనే పెద్ద సువార్త ప్రసంగీకుడి సభల్లో పాట నడిపించిన ఆయన, చేతిలో ట్రాంబోన్ పట్టుకుని జనంతో పాడించేవాడు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, ఇవన్నీ అమెరికన్ ఆర్కాట్ మిషన్ వాళ్ల ఊళ్లు. మా ఊళ్లో మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి వాళ్లు పెట్టిందే. ఆరోగ్యవరంలో 1915 నుంచి ఉన్న టీబీ శానిటోరియం చాలా మిషన్లు కలిసి నడిపినది. ఆ బంగళాల్లో అమెరికా వాళ్లు ఏళ్ల తరబడి కాపురాలు చేశారు, ఓడలో సామాన్లతో పాటు గ్రామఫోన్, విక్టర్ ప్లేట్లు కూడా తెచ్చుకునుంటారు. మా బడిలో పాత హార్మోనియం పక్కన అట్టపెట్టెలో విక్టర్ భక్తిపాటలు నేను చూశాను, ఇప్పుడవి ఏమయ్యాయో దేవుడికే తెలియాలి.

మిషన్ బంగళాలో బ్లూస్ దొరుకుతుందని మాత్రం ఆశపడకు బాబూ. ఆ రోజుల్లో అమెరికా కంపెనీలే నల్లవాళ్ల పాటలని రేస్ రికార్డులని వేరే నంబర్లతో వేసి, వాళ్ల పేటల్లోనే అమ్మేవి. దొరగారి పెట్టెలో ఉండేది రోడ్‌హీవరే. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, కార్టర్ ఫ్యామిలీ పాటల్లో బోలెడు పాత చర్చి పాటలనుంచి తీసుకున్నవే, రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇంకోమాట, నీ రోజర్స్ క్షయతోనే పోయాడు. 1933 మే 26న, 35 ఏళ్లకి. అంతకు రెండు రోజుల ముందు కూడా న్యూయార్క్ స్టూడియోలో పాటకీ పాటకీ మధ్య మంచం మీద నడుం వాలుస్తూ రికార్డు చేశాడు. క్షయ మీదే ఒక బ్లూస్ పాడాడు కూడా. ఆరోగ్యవరం చుట్టుపక్కల పెరిగిన దాన్ని, నాకు ఆ పాట పూర్తిగా వినే ధైర్యం లేదు.

నువ్వు అర్జెంటుగా చేయాల్సిన పని ఒకటుంది. ఆ కొట్టువాడి దగ్గరికి మళ్లీ వెళ్లి ఈ కట్ట ఏ ఇంటినుంచి వచ్చిందో అడుగు. మూడు రకాల పాటలు ఒకే తాడుకి కట్టి ఉన్నాయంటే వాడు రెండు మూడు ఇళ్ల సరుకు కలిపుండాలి.


కొర్లగుంట_కుర్రోడు (తిరుపతి)

అక్కా, ఫోన్ చేసి అడిగాను. గ్రీమ్స్‌పేట వైపు ఒక పాత ఇల్లు పడగొడుతుంటే వచ్చాయంట, పద్యాలు వేరేచోటివంట. ఆ ఇంటి సరుకు ఇంకో గోనెసంచి గోడౌన్లో ఉందంట, వారంలో తీస్తానన్నాడు. టెన్షన్‌గా ఉంది, ఈలోపు ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని.

నంబరు చూశాను అన్నా, డిస్కోగ్రఫీలో దొరికింది. రోజర్స్‌ది 1928 రికార్డింగ్, క్యామ్‌డెన్, న్యూజెర్సీలో చేసింది. నా టేబుల్ మీదున్న ముక్క వయసు వందకి దగ్గర పడుతోందంటే ఎట్లనో ఉంది.

మరి ప్యాటన్, స్కిప్ జేమ్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ 40 డాలర్ల రాబర్ట్ జాన్సన్ కూడా.


లక్క_లెక్క

రాబర్ట్ జాన్సన్ ముందు తేల్చేద్దాం. ఆయన రికార్డు చేసింది రెండే రెండుసార్లు, 1936 నవంబర్లో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్లో డల్లాస్‌లో, మొత్తం 29 పాటలు. 1938 ఆగస్టులో పోయాడు. మంచి కండిషన్‌లో ఉన్న వొకాలియన్ జాన్సన్‌కి వేల డాలర్లు పెట్టేవాళ్లు ప్రపంచమంతా కాచుకుని ఉంటే, నీకోసం 40కి ఎవడు వదులుతాడు? అది పాత లేబుల్ డిజైన్‌తో కొత్తగా అచ్చేసిన ముక్క అయ్యుంటుంది. ఫొటోలో లేబుల్ మరీ తళతళలాడుతుంటే, అమ్మేవాడు నున్నటి జాగాలోని నంబరు ఫొటో పెట్టకపోతే, పట్టుకుంటే వంగేలా ఉంటే (లక్క వంగదు, విరుగుతుంది) వదిలేయ్. వాడు దొంగ అని నేను అనట్లేదు, కింద చిన్న అక్షరాల్లో రీప్రింట్ అని రాసే ఉంటాడు, చదవనిది మనమే.

ఇక పారమౌంట్. ప్యాటన్, సన్ హౌస్, స్కిప్ జేమ్స్, బ్లైండ్ లెమన్, వీళ్లంతా ఆ లేబుల్ కిందే ఉన్నారు. దాని కథ వింటే ఎందుకంత అరుదో అర్థమవుతుంది. పారమౌంట్ ఒక పాటల కంపెనీ కాదు, విస్కాన్సిన్‌లోని ఒక కుర్చీల ఫ్యాక్టరీది. వాళ్లు గ్రామఫోన్ పెట్టెలు కూడా చేసేవాళ్లు, పెట్టె అమ్ముడుపోవాలంటే దానిమీద వేయడానికి ప్లేటు ఉండాలి కదా, అలా మొదలైంది. సంగీతం మీద ప్రేమా లేదు, ఖర్చు పెట్టే ఉద్దేశమూ లేదు. గ్రాఫ్టన్ అనే ఊళ్లో అచ్చేసేవాళ్లు, లక్క మిశ్రమం నాసిరకం, కొత్త ప్లేటు కూడా ఇసుక మీద నడిచినట్టు కరకరలాడేది. 78లో లక్క తక్కువే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం రాతిపొడి. వీళ్లు దాంట్లోనూ పిసినారితనం చేశారు.

దానిమీద 1929 స్టాక్ మార్కెట్ పతనం వచ్చిపడింది. అమెరికాలో 1927లో ఏడాదికి సుమారు 10 కోట్ల ప్లేట్లు అమ్మితే 1932కి అది 60 లక్షలకి దిగిందని చరిత్ర రాసినవాళ్లు చెప్పే లెక్క. స్కిప్ జేమ్స్ 1931లో గ్రాఫ్టన్ వెళ్లి పాడింది ఈ గోతిలోనే. ఎంతమంది కొనుంటారు? పత్తి పొలాల్లో కూలి చేసేవాడికి 75 సెంట్లు అంటే మాటలా? కంపెనీ మూతపడ్డాక లోహపు మాస్టర్లు (ప్లేట్లు అచ్చేసే మూల అచ్చులు) పాత ఇనుము కింద పోయాయి. పనివాళ్లు కోపంతో ప్లేట్లు మిల్వాకీ నదిలోకి విసిరారని ఒక కథ ఉంది, టీవీవాళ్లు డైవర్లని దించి వెతికించారు కూడా, ఏమీ దొరకలేదు. తర్వాత యుద్ధం. 1942లో లక్క వాడకం మీద అమెరికా ప్రభుత్వం కోత పెట్టింది, ఎందుకంటే ఆ లక్క ఎక్కువగా వెళ్లేది మన దేశం నుంచే. పాత ప్లేట్లు ఇవ్వండి, కరిగించి కొత్తవి చేస్తాం అని ఊరూరా సేకరించారు. ఎన్ని ప్యాటన్‌లు ఆ కడాయిల్లో కరిగిపోయాయో!

మాస్టర్ లేదు కాబట్టి మిగిలిన ప్లేటే మాస్టర్. ఇంకో కాపీ దొరక్కపోతే ఆ పాటే లేదు. సన్ హౌస్ పాడిన ఒక పారమౌంట్, నంబర్ 13096, డెబ్భై ఏళ్ల పైన ఎవరూ వినలేదు, 2005 ప్రాంతంలో ఒక్క కాపీ బయటపడింది. విల్లీ బ్రౌన్ పాడిన 13099 ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. 2013లో టామీ జాన్సన్ అనే ఇంకో బ్లూస్ గాయకుడి పారమౌంట్ ఒకటి ఈబేలో 37,100 డాలర్లకి పోయింది, ఆనాటి రేటులోనే 20 లక్షల పైచిలుకు. గీతలు పడి అరిగిపోయిన ప్యాటన్‌కి కూడా వందల డాలర్లు అడుగుతారు. కాబట్టి నెలజీతం వాడికి సాధ్యమేనా అన్న ప్రశ్నకి జవాబు: కాదు. పెళ్లాం నగలు తాకట్టు పెట్టినా కాదు.

నీకు అందేవి ఉన్నాయి. విక్టర్ వాళ్ల చవక లేబుల్ బ్లూబర్డ్, 1934 తర్వాతి డెక్కా, వీటిమీద టంపా రెడ్, బిగ్ బిల్ బ్రూంజీ లాంటి బ్లూస్ వాళ్లు, తర్వాతి కార్టర్ ఫ్యామిలీ దొరుకుతాయి. ఎక్కువ అచ్చైనవి కాబట్టి పది, ఇరవై డాలర్లలో కూడా వస్తాయి. వెర్నన్ డాల్‌హార్ట్ అనే పాత కంట్రీ గాయకుడివైతే ఊరికే ఇస్తారు. కానీ ప్లేటు పది, పోస్టేజీ నలభై, ఆపైన మన కస్టమ్స్, కొరియర్ వాడి చార్జీలు. ఒక్కటి తెప్పించుకోవడం దండగ, ఒకే అమ్మకందారు దగ్గర పది పోగేసి ఒకేసారి తెప్పించు.

గ్రేడింగ్ చూసి కంగారుపడకు. 78ల వాళ్లు వాడేది వీజేఎమ్ స్కేల్, అక్షరాలే, ఈ అంటే ఎక్సలెంట్, వీ అంటే వెరీ గుడ్, దానికి ప్లస్సులు మైనస్సులు. 1930 ప్లేటు వీ ప్లస్ ఉంటే హాయిగా వినొచ్చు. కొత్తది అనే మాట ఈ లోకంలో లేదు.


ముల్లు_మార్చు

లెక్క అన్న చెప్పిందానికి ఒకటి కలుపుతా, దెబ్బలాడినా పర్లేదు. ప్యాటన్ ఒరిజినల్ దేనికసలు? ఏ పారమౌంట్ అయినా రీఇష్యూలో (పాత పాటని తర్వాతి కంపెనీలు మళ్లీ వేసిన రికార్డు) దానికంటే బాగా వినిపిస్తుంది, ఉన్నవాటిలో మంచి కాపీ వెతికి, సరైన ముల్లుతో తీసి, చప్పుడు తగ్గించి వేస్తారు. యాజూ, డాక్యుమెంట్ లేబుళ్లు దశాబ్దాల కిందటే వేశాయి. 1952లో హ్యారీ స్మిత్ తన సొంత 78ల్లోంచి 84 పాటలు ఏరి ఫోక్‌వేస్ రికార్డు కంపెనీ తరఫున వేశాడు, అమెరికాలో ఒక తరమంతా ఈ సంగీతాన్ని నేర్చుకున్నది ఆ సెట్టు వినే. నీకు పాట కావాలా, లక్క కావాలా?


రేణిగుంట_జంక్షన్

ముల్లన్నా, ఆ హ్యారీ స్మిత్ దగ్గర ఎందుకున్నాయి ఆ 78లు? వాళ్లు పిచ్చిగా పోగేశారు కాబట్టి. మేరీల్యాండ్‌లో జో బసార్డ్ అని ఉండేవాడు, 2022లో పోయాడు, కారేసుకుని కొండల్లో ఇంటింటి తలుపు కొట్టి పాత ప్లేట్లున్నాయా అని అడిగి పదిహేను వేల దాకా పోగేశాడు. 1927లో కొన్నాళ్లే నడిచిన బ్లాక్ పాటీ అనే లేబుల్ ప్లేట్లు వర్జీనియాలో ఒక ఇంట్లో దొరికాయి ఆయనకి, వాటిలో ఒకదానికి ఇంకో కాపీ లోకంలో లేదని చెప్పుకునేవాళ్లు. ఆయన కూడా రీఇష్యూ వచ్చాక విందాంలే అని కూర్చునుంటే ఆ పాట నీ కంపెనీలు దేన్నుంచి వేసేవి?


ముల్లు_మార్చు

అమెరికాలో పుట్టి, కారుండి, ఆ కొండల్లో తిరిగినవాడు వేరు. కొర్లగుంటలో ఉండి ఈబేలో వేలంపాట పాడేవాడు వేరు. బసార్డ్ కొన్నది ఎవరూ పట్టించుకోనప్పుడు. ఇప్పుడు వేలంలో పైసలున్నవాడి బీరువాలోంచి ఇంకొకడి బీరువాలోకి పోవడమే, దానివల్ల కొత్తగా ఏ పాటా బతకదు.


లక్క_లెక్క

ఈసారి ముల్లు వైపే నేను. ఈబేలో ఉన్న ప్లేటు ఎలాగూ బతుకుతుంది, దానికి నువ్వు అక్కర్లేదు. చిత్తూరు గోడౌన్లో గోనెసంచిలో ఉన్నదానికి కావాలి నువ్వు. డమ్‌డమ్ అచ్చుల మొత్తం జాబితా సరిగ్గా ఎవరి దగ్గరా లేదు, ఏ ఎఫ్‌టీ నంబరు మీద ఏ పాట వేశారో ఇప్పటికీ ప్లేటు దొరికితేనే తెలిసే ఖాళీలున్నాయి. కాబట్టి తమ్ముడూ, ఆ రెండు ట్విన్‌ల లేబుళ్లు రెండు వైపులా, నున్నటి జాగాలో నంబర్లు, నీడ పడకుండా ఫొటోలు తీసి ఆన్‌లైన్ డిస్కోగ్రఫీల వాళ్లకి పంపు. ఆ పని రీఇష్యూ కొంటే అవ్వదు, 20 లక్షలు పెట్టినా అవ్వదు.

ఆ సంచి తెచ్చుకునేటప్పుడు ఆర్టీసీ కార్గోలో వేయొద్దు, దండం పెడతా. నాకు ఒకసారి విదేశం నుంచి వచ్చిన పార్సిల్లో కుండ పగిలినట్టు ముక్కలే వచ్చాయి, ఏ కొరియరో అడక్కండి. నువ్వే వెళ్లు. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య ముడతల అట్ట, పది పది కట్టలు, కట్టకి రెండు వైపులా ప్లేటుకంటే ఓ అంగుళం పెద్ద అట్టలు, అన్నీ నిలబెట్టి, అట్టపెట్టెలో కదలకుండా పాత చీరలు కుక్కాలి. బస్సులో సీటు కింద కాదు, ఒళ్లో.


మదనపల్లె_టమోటా

మీ కొట్లాటలో ఒకటి మర్చిపోయారు. 1977లో అంతరిక్షంలోకి పోయిన వాయేజర్ బంగారు రికార్డులో బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో డల్లాస్‌లో కొలంబియాకి పాడిన పాట ఉంది, మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ కూడా ఉంది. విల్లీ జాన్సన్ మాటల్లేకుండా హమ్మింగ్‌తోనే మొత్తం పాడతాడు, నాకు ప్యాటన్‌కంటే ఆయనే ఎక్కువ. బాబూ, లిస్టులో ఆయన పేరు కూడా రాసుకో, రీఇష్యూలో.


అలిపిరి_మెట్టు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో తాతగారి కీ గ్రామఫోన్ ఉంది, హెచ్‌ఎంవీ, మోగుతుంది కూడా. ఈ 78లు దానిమీదే వేసుకోవచ్చు కదా, కార్ట్రిడ్జ్ గోల లేకుండా? ముల్లుల డబ్బాలో ఇంకా ఓ యాభై ఉన్నాయి, అన్నీ వాడినవో కొత్తవో తెలీదు.


ముల్లు_మార్చు

వాడినవో కొత్తవో తెలీకపోతే అన్నీ పారెయ్ అన్నా. స్టీల్ ముల్లు ఒక వైపుకే, తిప్పి రెండో వైపు వేసేటప్పుడు కొత్తది పెట్టాలి. ప్లేటులోని రాతిపొడి మొదటి కొన్ని చుట్లలోనే ముల్లు మొనని గాడికి సరిపడా అరగదీస్తుంది, అలా అరిగిన మొనని ఇంకో ప్లేటు మీద పెడితే అది ఉలి. కొత్త స్టీల్ ముల్లులు ఇప్పటికీ తయారవుతున్నాయి, ఆన్‌లైన్‌లో సాఫ్ట్, మీడియం, లౌడ్ అని దొరుకుతాయి, సాఫ్ట్ తీసుకో. సౌండ్‌బాక్స్‌లో (ముల్లు బిగించే గుండ్రటి భాగం) రబ్బరు గట్టిపడి ఉంటుంది, అది మార్పించు, స్ప్రింగ్‌కి గ్రీజు పెట్టించు.

మామూలుగా దొరికే పద్యాలు, సినిమా పాటలు దానిమీద హాయిగా విను. ట్విన్ రోజర్స్ లాంటివి మాత్రం వద్దు. ఆ చెయ్యి బరువు వంద గ్రాముల పైనే, వేసిన ప్రతిసారీ కాస్త పాట తగ్గుతుంది. ఎల్‌పీ గానీ 45 గానీ పొరపాటున కూడా పెట్టొద్దు, ఒక్కసారికే దున్నేస్తుంది.